తిరుగు ప్రయాణం బరువు

జనవరిలో మా ఫెయిర్‌బ్యాంక్స్‌లో మూడున్నరకే చీకటి పడిపోతుంది. ఆగస్టులో సాల్మన్, ట్రౌట్ వేటకి ఉత్తరపు అడవికి పోవాలంటే, నీటి మీద దిగే విమానాన్ని ఆ చీకటి రోజుల్లోనే మాట్లాడుకోవాలి. ఆలస్యం చేస్తే ఇంకెవరో ఎగరేసుకుపోతారు. అందుకే ఆ సాయంత్రం నేనూ, నా స్నేహితుడు కెంపర్, మా చెల్లెలు ఆర్డిత్ వంటింట్లో కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. బయట సున్నాకి నలభై డిగ్రీలు కింద. లోపల పెనం మీద సాల్మన్ వేగుతోంది.

ఆ చేప కిందటి ఆగస్టులో మేం తెచ్చిందే. ఆర్డిత్ భర్త టీగ్ తిరిగి రాలేదు. చేపలు వచ్చాయి.

ఈసారి తనూ వస్తానంది ఆర్డిత్. ఆయన చివరిసారి నిలబడ్డ ఒడ్డు ఒక్కసారి చూడాలట. వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పిండి, కాఫీ, ఉప్పు, డేరా, గాలాలు అన్నీ బరువులతో సహా రాసుకుంటోంది. పైలట్ హాలిస్‌కి ప్రతి పౌనూ లెక్కే. అయినా మా ఊళ్ళో అతనికి ఒంటి బరువు నిజం చెప్పిన మగాడు లేడు.

"కెంపర్ అన్నయ్యా, నీ బరువు?"

"రెండొందల పది."

"అది నీ ఎడమ సగం. కుడి సగం కూడా చెప్పు," అన్నాను.

"సరే, రెండొందల నలభై. ఇప్పుడు కడుపు చల్లబడిందా నీకు?"

ఆర్డిత్ నవ్వింది. ఐదు నెలల తర్వాత నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ పోయినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. పెంచింది నేనే. అది తప్ప ఈ లోకంలో నాకెవరూ లేరు. నిజం తెలిసిన రోజున నా మొహం కూడా చూడదని నాకు తెలుసు.

నిజం ఇదీ. ఆ రోజు విమానంలో నూట డెబ్బై పౌన్లు ఎక్కువైంది. "చేపల పెట్టెలు వదలండి, లేదా ఒకరు ఆగండి. సాయంత్రానికి వచ్చి తీసుకెళ్తాను," అని హాలిస్ ఇంజిన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. చేపలు వదిలితే ఎలుగుబంట్ల పాలు. నేను టీగ్ వైపు చూశాను. "బావా, చేపలు వదిలేద్దాం," అన్నాడతను మెల్లగా. "పెళ్ళాం పక్కన లేకపోతే భయమేస్తోందా?" అని కెంపర్ నవ్వాడు. డేరా, తుపాకీ అప్పటికే లోపల అడుగున ఉన్నాయి. దించడానికి బద్ధకించాం. "సాయంత్రం దాకేగా," అన్నాను. అన్నది నేనే.

మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. పదకొండు రోజులు లేవలేదు. మళ్ళీ వెళ్ళేసరికి ఒడ్డున రాళ్ళూ, ఆరిపోయిన నెగడూ తప్ప ఏమీ లేవు. ఇంకో రెండు చేపలు పట్టుకొస్తానని తనే ఆగిపోయాడనీ, డేరా, తుపాకీ అతని దగ్గరే ఉంచామనీ, అన్నిటినీ నది లాక్కుపోయి ఉంటుందనీ ఆర్డిత్‌కి చెప్పాం. పైగా చేపల పెట్టెలు దానికే ఇచ్చాం. అంత సిగ్గులేని పని చేసి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఐదయింది. ఆర్డిత్ రేడియో పెట్టింది. ఆ వేళకి కబుర్లు చదువుతారు. అడవిలో ఫోన్లు పనిచెయ్యవు కాబట్టి, అక్కడున్న తమవాళ్ళకి చెప్పాల్సింది ఊళ్ళోవాళ్ళు రేడియోకి రాసిస్తారు. ఆ పదకొండు రోజులూ ఆర్డిత్ రోజూ ఒక కబురు పంపింది. ఊరి నుంచి అడవికే కబుర్లు. అడవి నుంచి ఇటు రావడానికి దారే లేదు.

చదివే ఆవిడది నిద్రమత్తు గొంతు. ఎవరికో కూతురు పుట్టిందట. ఎవరి కుక్కకో కాలు నయమైందట. తర్వాత కాగితం తిప్పిన చప్పుడు.

"ఆర్డిత్ వంటింట్లో ఉన్న గార్త్‌కి, కెంపర్‌కి. టీగ్ నుంచి."

గార్త్ అంటే నేను.

"ఈసారి డేరా దించండి. తుపాకీ దించండి. ఇక్కడ చలి... చాలా ఉంది."

పెనం మీద చేప చిటపటలాడుతూనే ఉంది. కానీ వాసన మారింది. తడి రాళ్ళ వాసన... నాచు వాసన... నది వాసన.

"ఆర్డిత్‌కి. టీగ్ నుంచి. నువ్వు రాకు. వాళ్ళని పంపు."

తర్వాత అదే గొంతు రేపటి వాతావరణం చదవడం మొదలుపెట్టింది.

ఆర్డిత్ రేడియో కట్టేసింది. పొయ్యి కట్టేసింది.

"డేరా ఆయన దగ్గరే ఉందన్నారు."

"ఎవడో ఆకతాయి వెధవ రాసిచ్చి ఉంటాడు చెల్లెమ్మా," అన్నాడు కెంపర్. 

అది వాడివైపు చూడలేదు. నావైపే చూస్తోంది. "చేపల కోసమా అన్నయ్యా?" అని గుసగుసగా అడిగింది.

తల ఊపాను. ఇంకేం చెయ్యను...

"ఐదు నెలలుగా తింటున్నాను," అంది. చేపని రెండు ముక్కలు చేసి, రెండు పళ్ళేల్లో పెట్టి మా ముందుకి తోసింది. "తినండి."

నేను తిన్నాను. ముల్లు ఒకటి గొంతులో దిగినా ఆగకుండా తిన్నాను. కెంపర్ మాత్రం పళ్ళెం నెట్టేసి లేచాడు. "మీ అన్నాచెల్లెళ్ళ గోల మీరు పడండి. నేను ఏ నదికీ రాను," అని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

బండి తలుపు తీసిన చప్పుడు వినపడింది. వేసిన చప్పుడు వినపడలేదు. ఇంజిన్ చప్పుడు కూడా లేదు. ఎంతసేపు చూశానో... ఏమీ లేదు.

బయటికెళ్ళాను. బండి తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంజిన్ గడ్డకట్టకుండా గోడకి తగిలించిన కరెంటు తీగ అలాగే ఉంది. మంచులో వాడి అడుగులు గుమ్మం నుంచి బండి దాకా ఉన్నాయి. అక్కడితో సరి. లోపల సీటు తడిసి ఉంది. ఆ చలిలో ఉమ్మితే నేల మీద పడేలోపు గడ్డకడుతుంది. సీటు మీద నీళ్ళు మాత్రం... కదులుతున్నాయి.

వెనక్కి వచ్చేసరికి ఆర్డిత్ కాగితం మీద రెండు పేర్లు కొట్టేస్తోంది. తనదీ, కెంపర్‌దీ.

"బరువు తగ్గింది," అంది.

పోలీసులు నాలుగు రోజులు వెతికారు. తాగి దారి తప్పి ఉంటాడని రాసుకుని వెళ్ళిపోయారు. నేను ఆర్డిత్ ఇంట్లోనే ఉండిపోయాను. పొమ్మనలేదు. వేళకి వండి పెట్టింది. మాట్లాడలేదు. ఏప్రిల్‌లో ఉండబట్టలేక అడిగాను.

"నేను వెళ్తే నన్ను క్షమిస్తావా ఆర్డీ?"

"ముందు వెళ్ళు," అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆగస్టు దాకా బతికాను. వెళ్ళకపోతే చెల్లెలు లేదు. వెళ్తే ఏముంటుందో తెలియదు. రేపు ఉదయం ఎనిమిదింటికి విమానం.

ఇందాక పొద్దున్నే హాలిస్ ఫోన్ చేశాడు. ఆర్డిత్ నాకూ వినపడేలా పెట్టింది.

"నిన్న మీ ఒడ్డు మీదుగా ఎగిరానమ్మా. మీవాళ్ళు ఇంకెవరి విమానంలోనో ముందే వెళ్ళిపోయినట్టున్నారే? ఇద్దరు నాకు చెయ్యి ఊపారు. ఒకాయన సన్నగా, ఒకాయన లావుగా."

"అవును," అంది ఆర్డిత్. "మూడో ఆయన రేపొస్తున్నాడు."

"అదే అనుకున్నాను. ఇద్దరూ దూరం దూరంగా నిలబడ్డారు," అన్నాడు హాలిస్. "మధ్యలో సరిగ్గా ఒక మనిషికి చోటు వదిలి."