నిద్రపట్టని కుర్చీ

ఆ పళ్ళ ల్యాబులో కిటికీ పక్క కుర్చీకి మంచి పేరు లేదు.

కట్టుడు పళ్ళు చేసే పెద్దాయన ఒకాయన, జీవితమంతా నిద్రపట్టక, రాత్రిళ్ళు అందులోనే కూర్చుని పని చేసి, చివరికి అందులోనే పోయాడట. పోయాక కూడా నిద్రపట్టలేదట! చీకటి పడితే కుర్చీ కిర్రుమంటుందనీ, ఎవరో నిట్టూరుస్తారనీ చెప్పుకునేవాళ్ళు. అందుకే రాత్రి పని అనగానే ల్యాబులో అందరికీ ఒక్కసారే జ్వరాలొచ్చేవి.

ఆ రోజు జ్వరం రానిది ఓనరుగారి అన్న కూతురొక్కదానికే. ముందు గదిలో కూర్చుని ఫోన్లెత్తే పిల్ల. పళ్ళ పని మాత్రం చూసి చూసి నేర్చేసుకుంది.

"చూడమ్మా," అన్నాడు బాబాయి, "డాక్టరుగారు పొద్దున్నే వస్తారు. ఆలోగా ఈ పళ్ళన్నీ మైనంలో అమర్చావా, రేపట్నుంచి పనిబల్ల నీది. లేదా, జన్మంతా ఫోన్లెత్తుకో."

"అమర్చేస్తా బాబాయ్. నా దగ్గర బీట్స్ ఉన్నాయిగా!" దోసిలంత హెడ్‌ఫోన్స్ తీసి చూపించింది. "ఎడమ చెవిలో సెకనుకి రెండొందల కంపనాలు, కుడి చెవిలో రెండొందల పద్నాలుగు. తేడా పద్నాలుగు. ఆ పద్నాలుగు బయటెక్కడా ఉండదు, తలలోనే పుడుతుంది. వింటే ఏకాగ్రతట. తేడాని నాలుగుకి దించితే నిద్రట."

"బయట లేని చప్పుడు నీకొక్కదానికే వినపడుతుందా?"

"ఊఁ."

"దాన్నే మేం దెయ్యం అంటాం తల్లీ," అనేసి, చీకటి పడకముందే స్కూటరెక్కాడు బాబాయి.

రాత్రి. బల్ల మీద ఒక్క దీపం. అరల్లో వరసగా పళ్ళ సెట్లు — అన్నీ ఆ పిల్లని చూసి నవ్వుతున్నట్టే ఉన్నాయి. చెవుల్లో డుబుడుబుమని బీట్స్. ఏకాగ్రత వచ్చిందో, వచ్చిందనుకుందో గానీ, పై వరస చకచకా కుదిరిపోయింది.

అప్పుడు... వెనకాల... కిర్ర్...

సౌండు పెంచింది.

కిర్ర్ర్... హుఁ...

ఉలిక్కిపడేసరికి ముందుపన్ను పక్కకి తిరిగిపోయింది. ఇలాగైతే ఆ పళ్ళు పెట్టుకున్నవాడు నవ్వినా భయపడినట్టే ఉంటుంది.

హెడ్‌ఫోన్స్ దించి, వెనక్కి తిరక్కుండానే గొణిగింది. "తాతగారూ... కాస్త కదలకుండా కూర్చోండి..."

కిర్రు ఆగింది.

తర్వాత, సరిగ్గా చెవి పక్కన — "నిద్ర... పట్టట్లేదమ్మా..."

ఒక్క ఉరుకున తలుపు దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది. తలుపవతల ముందు గది. ముందు గదిలో ఆ ఫోను. జన్మంతా ఆ ఫోను...

దెయ్యమే నయం అనిపించింది.

వెనక్కొచ్చింది. కుడి చెవిలో రెండొందల పద్నాలుగుని రెండొందల నాలుగుకి దించింది. కళ్ళు గట్టిగా మూసుకుని, హెడ్‌ఫోన్స్ ఆ కుర్చీ వీపుకి తగిలించింది.

"రెండు చెవులకీ పెట్టుకోవాలి తాతగారూ. ఒక్కదానికి పెడితే లాభం లేదు."

బల్ల వైపు తిరిగింది. మళ్ళీ వెనక్కి చూస్తే ఒట్టు!

కిర్ర్... కాసేపటికి ఇంకోసారి, నెమ్మదిగా... కిర్... ఆ తర్వాత ఏమీ లేదు. చాలాసేపటికి సన్నగా, ఈలలా, గురక.

బీట్స్ లేకుండానే, తిరిగిపోయిన ముందుపన్ను సరిచేసి, కింది వరస మొత్తం అమర్చేసింది.

తెల్లవారుతుండగా స్కూటరాగింది. బాబాయి వచ్చి, సెట్టుని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒక్క పన్నూ వంకర లేదే! సరే, బల్ల నీదే పో! ఇంతకీ రాత్రి ఆ కుర్చీ..." అంటూ తలెత్తినవాడు ఆగిపోయాడు.

ఆ పిల్లా అటు తిరిగింది.

హెడ్‌ఫోన్స్ కుర్చీ వీపు మీద లేవు. దానికి జానెడు పైన, గాల్లో, కొంచెం భుజం మీదికి వాలినట్టు ఒరిగి ఉన్నాయి. రెండు చెవిడిప్పల మధ్యా సరిగ్గా ఒక తలకాయంత ఖాళీ.

బాబాయి కేక పెట్టడానికి నోరు తెరిచాడు. ఆ పిల్ల గబుక్కున చేత్తో మూసేసింది.

"ష్... మెల్లగా బాబాయ్. ఇన్నాళ్ళకి పట్టింది పాపం."