మర్లిన్‌కు ఇస్తారి

చనిపోయిన పెద్దలకు పెట్టే పెత్తరమాస పొద్దున గంగమణి మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చేసరికి వంటింట్లోంచి గుప్పుమని సిర్క, అదే వెనిగర్, వాసన. చూస్తే పొయ్యి ముందు మొగుడు రాజలింగు! పదేళ్లు దుబాయిలో ఉండి నిరుడు నిజామాబాద్ తిరిగొచ్చిన ఈ మనిషి, ఇంట్లో ఏనాడైనా చాయ పెట్టిన పాపాన పోయాడా? ఇవాళ కోడికూరట, అదీ సిర్క పోసి!

"ఏమైంది నీకు? మామకు పులుపు పడకపోయేదని ఎర్క లేదా?"

"బాపుకు కాదు," అన్నాడు తల తిప్పకుండా.

మధ్యాహ్నం గంగమణి ఏటా వేసినట్టే చనిపోయిన మామ చిన్నయ్య పేరున ఆకుల ఇస్తారి వేసి, ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించింది. దాని పక్కనే రాజలింగు ఇంకో ఇస్తారి వేశాడు. సిర్క కూర వడ్డించి, నీళ్లు చల్లి, దండం పెట్టి, "తిను మర్లిన్" అన్నాడు.

అత్త శంకరమ్మ లేచింది.

"ఓరి నీ పాడుగాను! మీ బాపు పక్కన ఎవతిని కూసోబెట్టినవురా?"

"దుబాయిల మా క్యాంపు వంటామె అవ్వా. ఫిలిప్పీన్ దేశపు మనిషి. ఎండకాలంల చచ్చిపోయిందని దోస్తు చెప్పిండు."

ఆడమనిషి! పెత్తరమాస నాడు ఇంటివాళ్లకే కదా పెట్టేది? అంటే అది ఇంటిదైపోయిందన్నమాట! బీడీలు చుట్టి, వేళ్లు అరగదీసుకుని ఈ ఇంటిని కాచుకున్నది ఇందుకా? గంగమణి చీరలు సంచిలో కుక్కుకుని బయలుదేరింది.

"బోధన్ల మా అన్న దగ్గరికి పోతున్న. ఇగ నీకూ నాకూ ఏం లేదు."

రాజలింగు గడపకు అడ్డం నిలబడ్డాడు. "నాకు టైఫాయిడ్ అయింది గంగా. రూములోళ్లు ఒక్కడు దగ్గరికి రాలె. ఆమెనే గంజి తాపింది, నేను కక్కుకుంటే కడిగింది. నా తమ్ముడసొంటోనివి అన్నది. లేచినంక వాళ్ల దేశపు కూర గిదే వండి పెట్టింది."

"ఎప్పుడు?"

"నీకు ఫోన్ చెయ్యలేదు సూడు, గా నెల."

ఆ నెల గంగమణి ఎట్లా మరిచిపోతుంది? వాడకట్టంతా వినేటట్టు శాపనార్థాలు పెట్టింది. చివరికి ఫోన్ కలిస్తే, "నువ్వు చచ్చినా పీడ పోతుండె" అని కూడా అంది. అప్పుడు అతను డ్యూటీ ఎక్కువైందని చెప్పి ఊరుకున్నాడు.

"నాకెందుకు చెప్పలె?" గంగమణి అడిగింది.

"చెప్తే ఏడుస్తవ్. సముద్రం అవతల ఉన్నోన్ని, ఏం చేస్తవ్? ఆమెకు వాళ్ల దేశంల గిట్ల పెడతరో లేదో. నా ఆకలి సూసిన మనిషి ఆకలితోని ఉంటదేమోనని..." రాజలింగు పసిపిల్లాడిలా ఏడ్చేశాడు.

శంకరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గంగమణి సంచి గడప దగ్గరే పడేసి లోపలికి పోయింది. ఇస్తారి ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అంతలోనే మొగుడి మీదికి లేచింది.

"బుద్ధి ఉన్నదా నీకు? ఇంటి ఆడిబిడ్డకు రవికె గుడ్డ పెట్టకుండ ఉత్త కూర పెడతవా?"

కొత్త రవికె గుడ్డకు పసుపు కుంకుమ అద్ది ఇస్తారి పక్కన పెట్టి, చేతులు జోడించింది.

"తిను వదినా. నా మొగుణ్ని నాకు బతికించి తోలినవ్."