శ్రీరమ్య మేడం బోణీ

"ఎంబీయేలో చేతులు కడుక్కోవడం నేర్పలేదాండీ?"

ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. అప్పటికి నేను దర్శి హైస్కూలు వరండాలో కళ్ళు మూసుకుని గెంతుతున్నాను. మిరపకాయల తొడిమలు తీస్తూ కళ్ళు నలుపుకున్నాను మరి. మాది మార్టూరు, నాన్న గ్రానైటుకు పాలిష్ పట్టిస్తాడు. రాయి గురించి అడగండి చెబుతా, మిరప గురించి నాకేం తెలుసు?

వేసవి సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు నలభై రోజులు వ్యాపారం నేర్పడానికి వచ్చాను. శ్రీరమ్య ఆ బడిలోనే లెక్కల టీచరు, నాకు సాయంగా వేశారు. మజ్జిగలో ముంచిన గుడ్డ నా కళ్ళ మీద వేసి, "పిల్లలూ, ఇదీ మొదటి పాఠం!" అంది. పిల్లలు విరగబడి నవ్వారు. నేను మాత్రం ఆ రోజే పడిపోయాను.

పిల్లలు కారం కొట్టించి ప్యాకెట్లు కట్టారు. బస్టాండు ఎదురుగా బల్ల వేశాం. మొదటి రోజు పొద్దున్నే హీరోలా ఫీలైపోయి అందరి ముందూ అన్నాను.

"మేడం, బోణీ మీ చేత్తోనే!"

పిల్లలు తలలు దించుకున్నారు. ఆవిడ ముఖం పాలిపోయింది. "నాకు క్లాసుందండీ" అంటూ గబగబా వెళ్ళిపోయింది. సెలవుల్లో క్లాసేంటి?

"మేడం వాళ్ళాయన యాక్సిడెంట్లో పోయి రెండేళ్ళయింది సార్," అని కోటేశ్వరి అనే పిల్ల మెల్లగా చెప్పింది. "ఒకసారి పొద్దున్నే కొట్టుకెళితే, బోణీ చెడగొట్టొద్దన్నారంట. అప్పట్నుంచీ ఎవరో ఒకరు కొన్నాకే కొంటారు."

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు దిద్దుకుందామని ఇంకా పెద్ద తప్పు చేశాను. మర్నాడు ఎవరొచ్చినా, "బోణీ మా మేడందే, తర్వాత రండి" అని పంపించేశాను. మిట్టమధ్యాహ్నమైంది. బజారంతా అదే మాట. చివరికి ఆవిడ వచ్చింది, కొనడానికి కాదు.

"మీరు మంచివాళ్ళనిపించుకోవడానికి నన్ను బజారున పెడతారా? ఈ ఎండలో పిల్లల్ని నిలబెట్టి? అసలు నన్నడిగారా?"

అడగలేదు. క్షమించమన్నాను, వినిపించుకోలేదు. ఆ తర్వాత క్లాసులో పక్కనే ఉన్నా చాక్‌పీసు కూడా కోటేశ్వరి చేతే పంపేది. అలా నెల గడిచింది. ప్రేమ సంగతి దేవుడెరుగు, ఇంకొక్కసారి తిట్టినా చాలనిపించేది నాకు.

చివరి రోజు వచ్చింది. ఏడింటి బస్సుకు నా ప్రయాణం. పొద్దున్నే ఒక్కణ్ణే బల్ల దగ్గర కూర్చుని మిగిలిన కారం ప్యాకెట్లలోకి ఎత్తుతున్నాను. తలెత్తితే ఎదురుగా శ్రీరమ్య.

"బోణీ అయిందా?"

"ఇంకా లేదండీ."

"ఒక ప్యాకెట్ ఇవ్వండి." నోటు చాపింది. "ఎవరూ పిలిస్తే రాలేదు. నాకే రావాలనిపించింది."

బోణీ డబ్బు కళ్ళకద్దుకోవాలి కదా, అద్దుకున్నాను. చేతుల నిండా కారం!

"అయ్యో రామా! ఇంకా చేతులు కడుక్కోవడం రాలేదా మీకు?" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. కొంగు నీళ్ళలో తడిపి నా కళ్ళు తుడిచింది.

"ఆయనకు కారమంటే ప్రాణమండీ. ఇప్పటికీ కంచం ముందు కూర్చుంటే ఆయనే గుర్తొస్తారు."

"రానివ్వండి. మర్చిపొమ్మని నేనెప్పుడూ అనను." మంటకు కళ్ళు తెరవలేకపోతున్నాను. "మీరంటే నాకు ఇష్టం. ఈసారి అడిగే చేస్తాను. మీకోసం ఆగనా?"

బస్టాండులో ఏడింటి బస్సు హారన్ కొట్టింది. నేను లేవలేదు, అది నన్నొదిలేసి వెళ్ళిపోయింది.

"రేపు కూడా బల్ల వేయండి," అంది చివరికి. "నేనొచ్చేదాకా ఎవరికీ అమ్మకండి."