టైరులో తీగముక్క

ఆ రోజు పొద్దున్నే కోడలు తన సైకిల్‌ని తానే ఎత్తుకుపోతున్న దొంగలా వరండాలోంచి బయటికి నడిపిస్తోంది. వెనక చక్రం తిరిగితే టకటకమని చప్పుడవుతుందని దాన్ని ఓ చేత్తో పైకెత్తి పట్టుకుని, మునివేళ్ళ మీద అడుగులు వేస్తోంది. మామగారి కంట పడకుండా గేటు దాటితే ఇవాళ్టికి గండం గడిచినట్టే.

ఆమె చేసిన నేరం ఏమిటంటే, సైకిల్‌కి కొత్త టైర్లు వేయించుకోవడం. వేరే ఇళ్ళలో అయితే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ ఇంట్లో సంగతి వేరు. మామగారు నలభై ఏళ్ళు సైకిల్ రిపేరు కొట్టు నడిపారు. రెండేళ్ళ క్రితం కొట్టు మూసేశాక అంత పనితనానికీ మిగిలింది ఒక్క సైకిలే, కోడలిది. సన్న చక్రాలు, కిందికి వంగిన హ్యాండిలు. మొదట చూసినప్పుడు "ఇది సైకిలా, మిడతా?" అని వెక్కిరించారు. వారం తిరక్కుండా దాన్ని సొంతం చేసేసుకున్నారు. గొలుసు తుడవడం, బ్రేకులు బిగించడం, గాలి చూడడం అన్నీ ఆయనే. కోడలు ఎండనక వాననక ఏడాది పొడుగునా దాని మీదే తొమ్మిది కిలోమీటర్లు తొక్కి, తను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్ళొస్తుంది. "మా కోడలి బండి. చెయ్యంతా నాదే" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకోవడం ఆయనకో సరదా.

అలాంటి బండికి నెలరోజుల్లో ఆరు పంక్చర్లు పడ్డాయి. ఆరూ వెనక చక్రానికే. మొదటి అయిదుసార్లూ మామగారు ట్యూబు తీసి, అతుకు వేసి, బిగించి పంపారు. నాలుగైదు రోజులకి మళ్ళీ గాలి పోయేది. ఆఖరిసారి జోరువానలో, వంతెన మీద. పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకరు ఆమె కోసం క్లినిక్ మెట్ల మీద గంటసేపు కాచుక్కూర్చున్నారు.

అది జరిగి పదిహేను రోజులైంది. నిన్న సాయంత్రం క్లినిక్ పక్క కొట్లో "దీన్ని మించిన గట్టి టైరు లేదు మేడం, ముల్లు కాదు, మేకు కూడా దిగదు" అంటే, రెండూ వేయించేసింది. తీరా అవి నల్లగా నిగనిగలాడుతుంటే భయమేసింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, పదిమందికి నడక నేర్పే మనిషి, దారిలో కాలువ పక్కన చతికిలబడి వాటికి బురద పూసింది.

"ఏమ్మా, ఇవాళ ఇంత పెందలాడే బయల్దేరావు?"

గేటు దగ్గర మెట్ల మీద మామగారు కూర్చుని ఉన్నారు. టీ గ్లాసు రెండు అరచేతుల మధ్యా బిగించి పట్టుకున్నారు.

"ఒక పేషెంటు తొందరగా వస్తానన్నారు మామయ్యా."

"ఉండు, గాలి చూస్తాను."

"నేను చూసుకున్నాను. సరిపోయింది."

"నువ్వే చూసుకుంటే ఇంక నేనెందుకు?" అంటూ ఆయన లేచి వెనక చక్రం మీదికి వంగారు. చెయ్యి వెయ్యలేదు. ఊరికే అలా వంగి రెండు క్షణాలు ఆగారు.

"కొత్త రబ్బరు వాసన వస్తోంది."

ఆయన బొటనవేలితో బురద తుడిచారు. కింద కొత్త టైరు మెరిసింది.

"ఎవరు వేశారు?"

"క్లినిక్ పక్కనే... వానలు కదా మామయ్యా, అందుకని..."

"బురద కూడా వాళ్ళే పూశారా?"

"సరే, వెళ్ళిరా" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. సగం తాగిన టీ మెట్టు మీదే ఉండిపోయింది. నాలుగు కేకలు వేసి ఉంటే బాగుండేది.

రోజంతా ఆమెకి పని మీద ధ్యాస లేదు. ఒకావిడకి ఎడమ మోకాలికి కట్టాల్సిన పట్టీ కుడి మోకాలికి కడుతుంటే, "ఇది మంచి కాలమ్మా, దీన్నైనా ఉండనివ్వు" అందావిడ. కోడలు నాలుక కరుచుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గేటు లోపల గోనెసంచి ఒకటి నిలబెట్టి ఉంది. మూతి కట్టలేదు. రెంచీలు, టైరు విప్పే కడ్డీలు, పంపు, అతుకుల డబ్బా, ముప్పై ఏళ్ళుగా వాడి పిడి అరిగిపోయిన సుత్తి, అన్నీ అందులోనే ఉన్నాయి. కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేసే భర్త అప్పుడే వచ్చినట్టున్నాడు, చెప్పులైనా విప్పకుండా అక్కడే నిలబడ్డాడు.

"రేపు పాత ఇనుము బండి వస్తే ఇచ్చేస్తాడట నాన్న. ఏం చేశావు నువ్వు?"

"టైర్లు మార్పించాను."

"అంతేనా?" అన్నాడు భర్త. వెంటనే తండ్రి మొహం గుర్తొచ్చిందేమో, "అయ్యో, అంత పని చేశావా?" అన్నాడు.

మామగారు హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. అత్తగారు కూరలు తరుగుతోంది. కోడలు వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, ఆ సంచి లోపల పెట్టించండి."

"ఎందుకమ్మా? చేతి మీద నమ్మకం పోయాక పనిముట్లేం చేసుకోను?"

"నమ్మకం పోలేదు. మందం టైర్లైతే పంక్చర్లు పడవని..."

"మందం మంచిదే. ఆ మందం కాదు." ఆయన గొంతులో కోపం కంటే ముందు పనివాడు వచ్చేశాడు. "అది రాయిలా ఉంది. ముల్లు దిగదు, నిజమే. తడి రోడ్డు మీద మలుపు తిరిగావంటే జారుతుంది. ఏడాదంతా తొక్కే మనిషికి లోపల ముల్లాపే పట్టీ ఉండాలి, పైన రబ్బరు మెత్తగా ఉండాలి, ఇప్పుడున్నదానికంటే కాస్త వెడల్పుండాలి. వెడల్పైతే గాలి తక్కువ పెట్టొచ్చు, రోడ్డుని పట్టుకుంటుంది. నన్నడిగితే చెప్పేవాణ్ణి కాదూ?"

"అడగాల్సింది మామయ్యా. తప్పే."

"పోనీలే నాన్నా," అని భర్త కల్పించుకున్నాడు. "నెలకి ఆరు పంక్చర్లంటే ఎవరైనా మారుస్తారు. ఆ పాత టైరు పాడైపోయి ఉంటుంది."

"నా చేతిలో ఉన్న టైరు ఎందుకు పాడవుతుంది? ఏది, తీసుకురా."

పాత టైరు కోడలి సంచిలోనే ఉంది. చుట్టి తాడు కట్టి ఉన్నదాన్ని భర్త తీసి తండ్రి ఒళ్ళో పెట్టాడు. ఆయన దాన్ని దీపం కిందికి జరిపి, చుట్టూ తిప్పుతూ కళ్ళతోనే వెతికారు. చాలాసేపటికి ఒకచోట ఆగారు.

"ఇదుగో. సూదిమొన అంత కన్నం. ఇక్కడ తీగముక్క ఉండాలి. లారీ టైర్లలోంచి ఊడి పడుతుంటాయి, వెంట్రుక అంత సన్నగా. ట్యూబు మార్చినా లాభం లేదు, అది ఉన్నన్నాళ్ళూ పొడుస్తూనే ఉంటుంది." తల ఎత్తారు. "ఇప్పుడు లేదు. ఎవరు తీశారు?"

కోడలు నేల వంక చూసింది.

"నువ్వేనా?"

"ఆ రోజు వంతెన మీద మామయ్యా. లోపల వేలు తిప్పితే గుచ్చుకుంది."

"తీసేశాక మళ్ళీ పంక్చరైందా?"

"లేదు."

"పదిహేను రోజులు బాగానే నడిచిందన్నమాట. అలాంటి టైరు ఎందుకు మార్చావు?"

భర్త ఆమె వంక అయోమయంగా చూశాడు. ట్యూబు మళ్ళీ బిగించే ముందు టైరు లోపల వేలితో తడిమి చూడడం ఈ పనిలో మొట్టమొదటి పాఠం. అది చిన్నప్పుడు తండ్రి అతనికి కూడా నేర్పారు. అయిదుసార్లు తడిమినా ఆయనకి దొరకనిది ఆమెకి ఒక్కసారికే దొరికింది. ఆ మాట పైకి అనకుండా ఉండడానికే ఆమె ఎప్పటికీ పంక్చరు పడని టైర్లు కొనుక్కుంది.

"దాన్నేమీ అనకండి," అంది అత్తగారు కత్తిపీట పక్కకి నెట్టి. "రెండు నెలలుగా మీ చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారు?"

"నువ్వూరుకో."

"రెండు నెలల నుంచీ ఊరుకునే ఉన్నాను. చెబితే మీరు వినే మనిషైతే కదా."

మామగారు ఒళ్ళో టైరుని అటూ ఇటూ తిప్పారు. మాట్లాడేసరికి గొంతు బాగా తగ్గింది.

"వేళ్ళు తెలియడం లేదమ్మా. టైరు లోపల తడిమాను, ఏమీ తగల్లేదు. తగల్లేదంటే లేదని కాదని నాకు తెలుసు. నీ చేత ఒకసారి తడిమించుంటే పోయేది. సిగ్గేసింది. బిగించి పంపించేశాను. ఒకసారి కాదు, అయిదుసార్లు. ఆ వానలో నువ్వు వంతెన మీద ఒక్కదానివే కూర్చున్నావంటే అది నా వల్లే. ఆ రాత్రి అన్నం సయించలేదు. నువ్వేమో ఒక్క మాట అనలేదు. పొద్దున్న ఆ బురద చూశాక, నీకు తెలిసిపోయిందని అర్థమైంది. అందుకే ఆ సంచి సర్దాను. నీ మీద కోపంతో కాదు."

కోడలు నేల మీదే కూర్చుండిపోయింది. క్లినిక్‌లో రోజూ ఆమె చేసే పనే అది. కొత్తవాళ్ళెవరైనా రాగానే కళ్ళు మూసుకోమని, దూదితో ఒక్కో వేలూ తాకుతూ "తెలుస్తోందా?" అని అడగడం. ఇంకాస్త ముందు తీసుకురావాల్సిందని వాళ్ళ పిల్లల్ని ఎన్నిసార్లు మందలించిందో లెక్కలేదు. ఇంట్లో మాత్రం ఆ అరచేతుల మధ్య గ్లాసు చూసింది, గుండీలు చూసింది, తీగముక్క చేతిలో పెట్టుకుని కూడా పదిహేను రోజులు నోరు మూసుకుంది. పైగా అది ఆయన మీద గౌరవమని తనకి తానే సర్దిచెప్పుకుంది.

"నన్ను క్షమించండి మామయ్యా," అంది. కన్నీళ్ళు ఆగలేదు. "నాకు తెలిసింది. తెలిసీ దాచాను. మిమ్మల్ని అడగడం కంటే టైర్లు కొనడం తేలికనిపించింది. మెడ దగ్గర నరం నొక్కుకుందో, చక్కెర పెరిగిందో, చూపిస్తేగాని తెలియదు. ఆలస్యమైతే ఏమవుతుందో నాకంటే బాగా ఇంకెవరికి తెలుసు? అయినా దాచాను."

"ఊరుకో తల్లీ. మొదట దాచింది నేనైతే నువ్వెందుకు ఏడుస్తావు?"

"రేపు పెద్దాసుపత్రికి వెళ్దాం. నేను సెలవు పెడతాను."

"వెళ్దాం. అయితే నువ్వు మాత్రం ఆ టైర్లతో రోడ్డెక్కకు. వచ్చేటప్పుడు మంచివి చూసుకుని వద్దాం. ఎలాంటివో నేను చెబుతాను. బిగించేటప్పుడు తడమడం మాత్రం నీ పని."

భర్త బయటికి వెళ్ళి, గోనెసంచిని భుజానికెత్తుకుని వచ్చి తండ్రి మంచం పక్కన దించాడు.

కోడలు కళ్ళు తుడుచుకుని తన క్లినిక్ సంచిలోంచి దూది తీసింది. ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళ చుట్టూ ఎంత కడిగినా పోని గ్రీజు మరక అలాగే ఉంది.

"కళ్ళు మూసుకోండి మామయ్యా. నేను తాకినప్పుడు చెప్పండి."

ఆయన బుద్ధిగా మూసుకున్నారు. బొటనవేలి కొస మీద దూది ఆనించింది. ఆయన మాట్లాడలేదు. చూపుడువేలు. మాట్లాడలేదు. మధ్యవేలు. అప్పటికీ లేదు. అత్తగారు వచ్చి కుర్చీ వెనక నిలబడింది. కోడలికి మళ్ళీ ఏడుపు పొంగుకొచ్చింది. చప్పుడు కాకుండా ఆపుకుందామనుకుంది గానీ ముక్కు ఎగబీల్చక తప్పలేదు.

"ఆ, తెలుస్తోందమ్మా," అన్నారు మామగారు గబుక్కున. "ఇప్పుడు బాగా తెలుస్తోంది."

దూది ఆమె చేతిలోనే ఉంది.

"మామయ్యా, నేనింకా తాకలేదు."

ఆయన కళ్ళు తెరిచి ఆమె మొహం చూశారు, దూది చూశారు, తల దించుకున్నారు. తర్వాత చెయ్యి ఇంకాస్త ముందుకి చాపి మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

"పెట్టమ్మా," అన్నారు. "ఈసారి నిజమే చెబుతాను."