రాజుగారి చెవి పక్కన గీత

పొద్దున్నే కాఫీ తాగి, భూతద్దం మాస్టారు నాణేల పెట్టె తెరిచారు. వయసులో ఉన్నన్నాళ్లూ గడియారాలు బాగుచేయడంలో గడిచింది. దుకాణం మూసేశాక పాత నాణేల పిచ్చి పట్టుకుంది. ఆన్‌లైన్లో నాణెం కొని, మోసపోయామేమోనని గుబులు పడేవాళ్లంతా ఆయన దగ్గరికే వస్తారు. ఆయన అయస్కాంతం పెట్టి, తూకం వేసి, భూతద్దంలోంచి అక్షరాల అంచులు చూసి, అసలో నకిలీయో తేల్చేస్తారు. వీధిలో ఆ పేరు అలా వచ్చిందే.

ఆ రోజు ఒక నాణెం తీసి వేళ్ల మధ్య తిప్పుతూ ఆగిపోయారు. ఈమధ్యే ఆన్‌లైన్లో తానే ఏరికోరి కొన్న వెండి నాణెం. రాజుగారి చెవి పక్కన వేలికి సన్నటి గీత తగిలింది. నిన్నటిదాకా అది లేదు. గోటితో మీటి చూశారు. మోత కూడా నిన్నటిలా లేదు, సాగుతోంది.

ఎవరో మార్చేశారు.

భార్యకు నాణేలంటేనే ఒళ్లు మంట, వాటిని ముట్టుకోదు. కొడుకు పని మీద ఊరెళ్లాడు. ఇక మిగిలింది కోడలు. నిన్న ఆ అమ్మాయికి కొరియర్లో చిన్న పొట్లం వచ్చింది. ఏమిటమ్మా అని అడిగితే "ఏం లేదు మామయ్యా" అంటూ బ్యాగులో దాచేసింది. కూతుళ్లు లేని ఆయనకు కోడలే కూతురు. అందుకే ఆ ఆలోచన గుండెలో ముల్లులా దిగింది.

టిఫిన్ దగ్గర మెల్లగా కదిపారు.

"నా గది నువ్వే సర్దావా అమ్మా?"

"అవును మామయ్యా."

"పెట్టె తెరిచావా?"

కోడలి చేతిలో గ్లాసు ఒక్క క్షణం ఆగింది. "తుడుద్దామని కాస్త జరిపాను."

అడిగింది తెరిచావా అని, చెప్పింది జరిపానని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదేననుకున్నారు మాస్టారు. ఆదివారం నాణేల సంఘంలో అందరికీ చూపిస్తానని చెప్పిన నాణెం అది. అక్కడ నకిలీది తీస్తే ఇన్నేళ్ల పరువు మట్టిలో కలుస్తుంది. నాణేన్ని బల్ల మీద పెట్టారు.

"ఇది నాది కాదు. అసలుది తీసుకుని నకిలీది పెట్టారు. ఇంట్లో ఉన్నది మనం ముగ్గురమే."

"ఏవండీ, నోరు జారకండి," అంది భార్య.

కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లోపలికెళ్లి తన బ్యాగు తెచ్చి, అందులోంచి ఇంకో నాణెం తీసింది.

"మీ నాణెం ఇదే మామయ్యా."

"చూశావా?" అన్నారు మాస్టారు భార్య వైపు తిరిగి. గొంతులో గెలుపు లేదు.

కోడలు ఆ నాణేన్ని బ్యాగు గుండీకి దగ్గరగా పట్టుకుంది. టక్కున అతుక్కుంది.

"ఈ గుండీలో అయస్కాంతం ఉంది. పోయిన వారం మీ బల్ల మీద బ్యాగు పెట్టి తుడుస్తుంటే ఇలాగే అతుక్కుంది. వెండి అయస్కాంతానికి అంటదని నాకు చెప్పింది మీరే."

మాస్టారు తన అయస్కాంతం తెచ్చి గీత ఉన్న నాణేనికి పెట్టారు. అది అతుక్కోలేదు.

"ఊరందరి నాణేలకీ పెడతారే, ఆ నకిలీదానికి పెట్టలేదా?" అంది భార్య.

"నేను చూసి కొన్నది కదా," అన్నారాయన. ఆ మాట ఆయనకే వింతగా వినిపించింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు పేపరు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదవడం చూస్తున్నాను. చెబితే నాణెం గురించి కాదు, కళ్ల గురించి కుంగిపోతారనిపించింది. అందుకే నమ్మకమైన దుకాణం నుంచి అసలుది తెప్పించి పెట్టాను. దాచడం నా తప్పే."

మాస్టారు ముఖం తుడుచుకున్నారు. "అసలుది చేతిలో పెడితే దొంగదన్నానే తల్లీ. నిన్ను కూడా."

కాసేపటికి నకిలీ నాణేన్ని జేబులో వేసుకున్నారు. "ఆదివారం దీన్నే చూపిస్తాను. మోసపోయింది నేనేనని చెప్తాను."

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి..." అని అందుకుంది భార్య.

"కుడితిలో పడింది, ఒప్పుకున్నాను కదా. ముందు కళ్ల డాక్టరు దగ్గరికి పోదాం. నువ్వు రా అమ్మా. మీ ఆయనైతే అంతా బాగుందని వెనక్కి తీసుకొచ్చేస్తాడు."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. మాస్టారు గీత ఉన్న నాణేన్ని మళ్లీ మీటి, చెవి దగ్గర పెట్టుకున్నారు. అసలు వెండి మోత, సన్నగా, చాలాసేపు సాగింది.

"పొద్దున కూడా ఇలాగే మోగింది," అన్నారు. "నేనే వినలేదు."