పుడింగ్ ఉలిక్కిపడని బెల్

"పాం!"

ఆ ఒక్క చప్పుడికి మూడు పనులు జరిగాయి. పుడింగ్ అనే ముసలి కుక్క పడవ మీంచి కాలువలోకి దూకింది. ఇంజన్ విప్పుకుని కూర్చున్న బ్రయోనీ చేతిలోంచి చిన్న ఇత్తడి నట్టొకటి నీళ్ళలోకి జారింది. ఒడ్డున కాలిబాట మీద ఒక సైకిల్ కీచుమని ఆగింది.

"సారీ!" అంది బ్రయోనీ.

కుక్క తనది, నట్టు తనది, తప్పు ఎదుటివాడిది. అయినా సారీ చెప్పింది తనే. ఇంగ్లండ్‌లోని ఈ యార్క్‌షైర్‌లో కాలు తొక్కించుకున్నవాళ్ళే ముందు సారీ చెప్తారు. కోపం ఆ తర్వాత వస్తుంది. ఆమెకీ అలాగే వచ్చింది.

"అది సైకిలా, లారీనా? ఇది నడిచేవాళ్ళ దారి కూడానండీ!"

"బెల్ కొడితే ఎవరూ వినట్లేదండీ," అన్నాడు ఆ పొడుగాటి మనిషి, కుక్కని పైకి లాగుతూ. "మొన్న ఒక పెద్దాయన ఏకంగా నా చక్రానికే అడ్డం వచ్చారు. అందుకే హారన్ పెట్టించా."

"ఆయన మాటేమో కానీ ఇవాళ నా కుక్క పోయేది!"

పుడింగ్ ఒళ్ళు దులిపి అతని ప్యాంటుని పూర్తిగా తడిపింది.

"మంచి బెల్ వెతుకుతానండీ. మాటిస్తున్నా," అని వెళ్ళిపోయాడు.

బ్రయోనీ నమ్మలేదు. నట్టు సంగతి చెప్పనూ లేదు. అది లేనిదే డీజిల్ పైపు నిలవదు, పైపు నిలవనిదే ఇంజన్ కదలదు. అంత పాత ఇంజన్‌కి కొత్త నట్టు చేసిచ్చే మనిషి ఒక్కడే ఉన్నాడు, పది రోజులన్నాడు. ఆమెకి ఉన్నది మాత్రం శుక్రవారం దాకానే. సొంత రేవు లేని పడవ ఒకచోట రెండు వారాలకి మించి ఉండకూడదని కాలువ ఆఫీసు రూలు. చలికాలంలో ఇంజన్ పేరు చెప్పి రెండుసార్లు గడువు అడిగింది. మూడోసారి అడిగితే లైసెన్స్ ఉండదని ఉత్తరం వచ్చింది. లైసెన్స్ పోతే ఇల్లు పోయినట్టే. ఆమె మంచం, పొయ్యి, పుడింగ్ బుట్ట అన్నీ ఆ యాభై అడుగుల పడవలోనే ఉన్నాయి.

ఆఫీసువాళ్ళ చెకర్ సైకిల్ మీద తిరుగుతూ పడవల నంబర్లు ఎక్కించుకుంటాడు. అందుకే మంగళవారం పొద్దున "టింగ్!" అని వినపడగానే ఆమె భుజాలు బిగుసుకున్నాయి.

నిన్నటి మనిషే. పడవని ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. వంతెన దాటి ఆగి, జేబులోంచి చిన్న నల్ల పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

"చూశావా తల్లీ?" అంది పక్క పడవ బెరిల్. డెబ్బై ఏళ్ళ బెరిల్‌కి తెలియని కాలువ కబురు లేదు. "ఈమధ్య చెకర్లు యూనిఫాం లేకుండా వస్తున్నారట."

"చెకర్ అయితే బెల్ కొట్టి మరీ వస్తాడా?"

"మంచివాడిలా కనపడొద్దూ!"

బుధవారం "ట్రింగ్ ట్రింగ్ ట్రింగ్!" పుడింగ్ లేచి మొరిగింది. బ్రయోనీ అప్పటికే పడవ నంబరు మీద పెద్ద టవల్ ఆరేసి, పరదా వెనక నక్కింది. అతను మళ్ళీ ఆగాడు, మళ్ళీ రాశాడు. మెడ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. వాడి మచ్చలు నాకెందుకని తన మీద తనకే అనుమానం వచ్చింది.

గురువారం వాన. ఆవు మెడలో గంటలా "గణ గణ"మంటూ వచ్చాడు. ఇక దాక్కుని లాభం లేదు, నేరుగా కూపీ లాగాల్సిందే అనుకుంది.

"తడుస్తున్నారు. టీ తాగి వెళ్ళండి."

పడవ వెనక టార్పాలిన్ కింద కూర్చున్నాడు. పేరు ఎడ్విన్ అన్నాడు. ఆమె టీ పోస్తుంటే ఆ పుస్తకంలో గబగబా ఏదో గీకాడు. ఆమె తిరిగేసరికి దాచేశాడు.

"ఏం ఉద్యోగం మీది?"

"ఆస్పత్రిలోనండీ. చెవుడొచ్చిన వాళ్ళకి మిషన్లు అమరుస్తాను."

ఎంత బాగా కథ అల్లాడో అనుకుంది.

"మీరిక్కడికి వచ్చి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"ఎందుకూ?"

"ఊరికే. ఇంకెన్నాళ్ళుంటారు?"

"రేపే వెళ్ళిపోతున్నా!"

అతని మొహం వాడిపోయింది. "రేపేనా?"

కేసు చెయ్యి జారిపోతోందని బాధ కాబోలు.

"ఆ టవల్ నిన్నటి నుంచీ ఆరలేదా అండీ?"

"ఇది ఇంగ్లండండీ. ఇక్కడ ఏ టవల్ ఆరింది?"

బిస్కెట్ ముక్క పుడింగ్‌కి పెట్టి అతను వెళ్ళిపోయాడు. కాసేపటికి పుడింగ్ లేస్తే దాని కింద నల్ల పుస్తకం ఉంది. ఒకరి పుస్తకం చదవడం తప్పే. తన ఇల్లు నిలబడేదీ పోయేదీ అందులో ఉందేమోనని తెరిచింది.

"మంగళ. చిన్న స్టీలు బెల్. కుక్క: ఒక చెవి లేపింది. ఆమె: భుజాలు బిగుసుకున్నాయి. వద్దు."

"బుధ. మూడుసార్లు మోగేది. కుక్క: మొరిగింది. ఆమె: కనపడలేదు. పరదా కదిలింది. కోపం తగ్గలేదేమో."

"గురు. గంట. ఆమె: టీకి పిలిచింది!! బెల్ వల్లా, వాన వల్లా?"

ప్రతి పేజీ తిప్పింది. దీపానికి అడ్డం పెట్టి చూసింది. పడవ నంబరు ఎక్కడా లేదు.

శుక్రవారం పొద్దున, ఎక్కడో దూరంగా, "డింగ్... డాంగ్."

తొందర లేకుండా ఒక్కసారి మోగి, ఆ నాదం నీళ్ళ మీద కాసేపు నిలిచింది. పుడింగ్ కన్ను కూడా తెరవలేదు. బ్రయోనీ చేతిలో కప్పు కదల్లేదు. సైకిల్ చాలాసేపటికి కానీ రాలేదు.

ఆమె నల్ల పుస్తకం ఎత్తి చూపింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మా మీద పరీక్షలు చేస్తున్నావా?"

"బెల్ మీదే. అదీ మొదటి రోజు వరకే," అన్నాడు ఎడ్విన్. "ఈ మంచి బెల్ నాకు మంగళవారం సాయంత్రమే దొరికింది. అది బిగించేస్తే ఇక్కడ ఆగడానికి వంకేం ఉంటుంది? అందుకే పనికిరానివి తెచ్చి మోగించా. రేపే వెళ్తున్నా అన్నారు కదా, ఇవాళ ఇది బిగించా."

"అంటే కావాలనే నా కుక్కని మొరిగించావన్నమాట!"

"మీరు బయటికొచ్చి తిడతారని ఆశ."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నిజంగానే వెళ్ళాలి. ఇవాళే ఆఖరు. పడవ కదలదు. ఆ రోజు నీ హారన్‌కి నా నట్టు నీళ్ళలో పడింది."

"అయ్యో! నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వే చెకర్‌వనుకున్నా. చెప్తే రాసుకుంటావని!"

ఎడ్విన్ బాటని చూశాడు, పడవ ముక్కున చుట్టి ఉన్న మోకుని చూశాడు.

"ఈ దారి సైకిళ్ళ కోసం వేసింది కాదుగా. పడవలు లాగే గుర్రాల కోసం వేసింది." సైకిల్‌ని పడవ పైకప్పు మీద పడుకోబెట్టి, మోకు భుజాన వేసుకున్నాడు. "ఎంత దూరం?"

"రెండో వంతెన దాటితే వేరే ఊరు. అది చాలు."

"గుర్రం బలంగానే ఉంది తల్లీ, కొనేముందు పళ్ళు మాత్రం చూసుకో!" అని బెరిల్ కేకేసింది.

పడవ మెల్లగా కదిలింది. బ్రయోనీ చుక్కాని పట్టుకుంది. ముందు పిల్లల బండి తోసుకెళ్ళే తల్లి, చెవుల్లో పాటలు పెట్టుకుని పరిగెత్తే అమ్మాయి, కర్ర పట్టుకున్న పెద్దాయన. వాళ్ళు దూరంగా ఉండగానే బ్రయోనీ చెయ్యి చాపి పైకప్పు మీది సైకిల్ బెల్ తిప్పింది. డింగ్... డాంగ్. ఎవరూ ఉలిక్కిపడలేదు. అందరూ తిరిగి చూసి, నింపాదిగా పక్కకి జరిగారు.

మొదటి వంతెన దగ్గర అసలు చెకర్ ఎదురొచ్చాడు. యూనిఫాం ఉంది, చేతిలో నంబర్లు ఎక్కించుకునే మిషన్ ఉంది.

"సారీ," అని అతను మోకు కింద నుంచి వంగి సైకిల్ దాటించుకున్నాడు.

"నంబరు రాసుకోరా?" అంది ఉండబట్టలేక.

"కదులుతున్న పడవతో నాకేం పనండీ?"

అతను కనుమరుగయ్యాక ఆమె మళ్ళీ బెల్ తిప్పింది. దారిలో ఎవరూ లేరు. ఎడ్విన్ చెమటలు కక్కుతూ వెనక్కి తిరిగాడు.

"ఎవరికి కొట్టావ్?"

ఆమె చుక్కానిని మోచేత్తో నొక్కిపట్టి నల్ల పుస్తకం తెరిచి, తనే రాసింది.

"శుక్ర. డింగ్ డాంగ్. కుక్క: నిద్ర. గుర్రం: వెనక్కి తిరిగింది. ఆమె: నవ్వింది. బెల్ దొరికింది. అయినా రోజూ వచ్చి ఆగు."