చిన్నల్లుడి సొంత గొంతు

సీరియల్లో చిన్నల్లుడు నోరు తెరిస్తే చాలు, ఇల్లాళ్లు చేతిలో పని వదిలేసి టీవీ ముందుకొచ్చేస్తారు. ఆ వేషం వేసే కుర్రాడు (జనానికి అతనూ చిన్నల్లుడే) ముచ్చటపడి పాప్ పాటల రికార్డు విడుదల చేస్తే మాత్రం, "ఎవరో పాడితే ఈయన పెదాలాడించాడు, సిగ్గుండాలి!" అని తిట్టిపోశారు.

పాపం, పాడింది అతనే. సీరియల్లో గంభీరంగా మోగే గొంతే వేరేవాళ్లది. అతనికి డబ్బింగ్ చెప్పేది ఓ బట్టతల పెద్దాయన. ఈ సంగతి జనానికి తెలియదు. చెప్పే ధైర్యం మన హీరోకి లేదు.

అమ్మకి ఫోన్ చేసి మొరపెట్టుకున్నాడు. "నువ్వైనా చెప్పమ్మా, అది నా గొంతే కదా?"

"అచ్చం నీ గొంతేరా నాన్నా. అదే కదా బాధ!" అందావిడ.

రికార్డు కంపెనీవాళ్లు తేల్చేశారు. రెండో రికార్డు పెద్దాయన పాడాలి, అట్టమీద బొమ్మ మాత్రం చిన్నల్లుడిది. ఆయన్ని ఒప్పించడానికి మనవాడు మొదటిసారి డబ్బింగ్ థియేటర్ మెట్లెక్కాడు.

పెద్దాయన ఇంకా రాలేదు. గాజు గదిలో ఒకమ్మాయి మైకు ముందు వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపు అతనికి బాగా తెలుసు, సీరియల్లో తన భార్యది! సీన్ అయిపోగానే ఆమె ముక్కు తుడుచుకుని, హెడ్‌ఫోన్స్ తీసి, తాపీగా బిస్కెట్ కొరికింది.

"ఎవరు కావాలండీ?"

"పెద్దాయన కోసం... నేను చిన్నల్లుణ్ణండీ."

"గొంతు వినగానే పోల్చుకున్నాను."

పెద్దాయన వచ్చాడేమోనని చిన్నల్లుడు వెనక్కి తిరిగి చూశాడు.

"మీ గొంతేనండీ! సెట్లో మీరు మాట్లాడింది ముందు మా చెవిలో వేస్తారు. అది వింటూనే నా డైలాగ్ చెప్పాలి. అవునూ, డైలాగ్ మర్చిపోతే మీరు ఎక్కాలు చదువుతారేం?"

చిన్నల్లుడి ముఖం పాలిపోయింది. ఎలాగూ గొంతు మారుస్తారు కదా అని, మాట గుర్తురానప్పుడల్లా కన్నీళ్లతో సహా పదమూడో ఎక్కం లాగించేసేవాడు. అది ఇంకో మనిషి చెవిలో పడుతుందని అతని బుర్రకి తట్టనే లేదు.

"పెళ్లిరాత్రి సీన్లో 'పదమూడేడులు తొంభై మూడు' అన్నారు. తొంభై ఒకటండీ!"

"నన్నిక్కడే పాతేయండి."

"మొదట్లో నవ్వాపుకోలేక టేకులు పాడుచేసేదాన్ని. పోనుపోను..." బిస్కెట్ పొడి దులుపుకుంది. "నాకు నిజంగా ఏడుపొచ్చేది మీ ఎక్కాలకేనండీ, పెద్దాయన డైలాగులకి కాదు. మీ పాట కూడా విన్నాను. శ్రుతి అక్కడక్కడా పోయింది. పోతే పోనీండి, నేను రోజూ వింటున్నాను."

తన గొంతు రోజూ వినే మనిషి లోకంలో ఒకరున్నారు! చిన్నల్లుడికి ఆనందంతో ఒళ్లు తెలియలేదు. ఈలోగా పెద్దాయన వచ్చి, విషయం విని, "ఎప్పుడు పాడమంటావు బాబూ?" అన్నాడు ఉత్సాహంగా. మనవాడు "రేపు చెప్తానండీ" అని జారుకున్నాడు.

మర్నాడు కంపెనీకి వెళ్లి, "పాడితే నేనే పాడతాను, లేకపోతే రికార్డే వద్దు," అన్నాడు. బతిమాలతారనుకున్నాడు. వాళ్లు హాయిగా "వద్దు" అన్నారు. గాయకుడు కావాలని చిన్నప్పటినుంచీ కన్న కల అంతటితో సరి.

దిగులుగా బయల్దేరినవాడు తిన్నగా గాజు గదిలోకే వచ్చి నిలబడ్డాడు.

"రికార్డు పోయిందండీ. ఉన్నది ఈ గొంతొక్కటే. దీంతో ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. మీరంటే నాకు చాలా ఇష్టం. మనం పెళ్లి చేసుకుందామా?"

'పెళ్లి' దగ్గర గొంతు కీచుమంది.

'మీరు లేకపోతే నేను లేనండీ' అని రోజూ ఆ మైకులోనే తడబడకుండా చెప్పే అమ్మాయి నోరు తెరిచింది, మూసింది. చెవులు కందిపోయాయి. ఎక్కడో లోపల్నుంచి, "ఊఁ" అంది.

మైకు ఆన్‌లో ఉందని ఇద్దరికీ గుర్తులేదు. గాజు అవతల్నుంచి సౌండ్ ఇంజనీరు, "మేడమ్, సరిగ్గా వినపళ్లేదు, ఇంకోసారి," అన్నాడు.

"ఊఁ అన్నానండీ బాబూ!" అని అరిచింది ఆమె.